పిచ్ ల్యాప్ అద్దాన్ని వదలకపోతే: తడి పూతతో వచ్చే చిక్కులు, వాటి పరిష్కారాలు

ఇడ్లీ పళ్ళానికి నూనె రాస్తాం. గారె తట్టేముందు చెయ్యి తడుపుకుంటాం. రెండూ అంటకుండా చూసే ఉపాయాలే. పిచ్ అంటే వేడికి కరిగి, చల్లారితే గట్టిపడే జిగురు పదార్థం. దాన్ని టూల్ అనే గుండ్రటి పళ్ళెం మీద పోసి, తడి పూత రాసిన అద్దంతో నొక్కి, చాళ్ళు తీసి గళ్ళుగా విడదీస్తే ల్యాప్ అవుతుంది. టెలిస్కోపు అద్దానికి మెరుగు పెట్టే ఈ పిచ్ ల్యాప్‌ను పోసేటప్పుడు మాత్రం మనకు కావలసింది గారె పద్ధతి. ఇడ్లీ పద్ధతి కొంప ముంచుతుంది.

ఇది కొత్త సంగతి కాదు. 1704లో అచ్చయిన తన కాంతిశాస్త్ర గ్రంథంలో న్యూటన్ లోహపు అద్దానికి మెరుగు పెట్టిన తీరు చెప్పాడు. కుంభాకారపు రాగి పళ్ళెం మీద కరిగిన పిచ్ వేసి, దాన్ని వెచ్చగా ఉంచుతూ, తడిపిన పుటాకారపు రాగి పళ్ళెంతో రుద్ది సమంగా పరిచాడు. అప్పుడు వాడింది వట్టి నీరే. నేటికీ అసలు పని నీటి పొరదే. సబ్బు ఆ నీటిని చుక్కలు కట్టకుండా గాజంతా పరుస్తుంది, మెరుగు పెట్టడానికి వాడే సీరియం ఆక్సైడ్ పొడి తడిని పట్టి ఉంచుతుంది, నాలుగు చుక్కల గ్లిజరిన్ దాన్ని త్వరగా ఆరనివ్వదు. నేను గోరువెచ్చని నీటిలో సీరియం ఆక్సైడ్‌ను చిక్కటి మజ్జిగలా కలిపి, గిన్నెలు తోమే ద్రవం రెండు చుక్కలు వేస్తాను. ఏ చిక్కు వచ్చినా ముందు వెతికేది ఒకటే: ఆ పొర ఎక్కడ తెగింది?

అద్దం ల్యాప్‌కు పూర్తిగా అతుక్కుపోయింది

మొదటి ల్యాప్‌తోనే ఇది ఎక్కువగా జరుగుతుంది. అప్పటికి అద్దం నున్నగా రాపిడి అయి ఉంటుంది కానీ మెరుగు ఎక్కి ఉండదు. రాపిడి వదిలిన, కంటికి కనిపించని గుంటల్లోకి పిచ్ దిగి పట్టేస్తుంది. పైగా వేడి పిచ్ తగిలి పగలకూడదని గాజును ముందే వెచ్చచేస్తాం కనుక పూత నిమిషాల్లో ఆరిపోతుంది. నా మొదటి ఆరంగుళాల అద్దం ఇలాగే దొరికిపోయింది. పిచ్ సమంగా పరుచుకుందా లేదా అని ఒక నిమిషం వంగి చూస్తూ నిలబడ్డాను, అంతే.

స్క్రూడ్రైవర్ జోలికి వెళ్ళకండి. గాజు అంచు పెచ్చు ఊడితే మళ్ళీ రాపిడి దశకు పోవాల్సిందే. పిచ్ ఇంకా వెచ్చగా ఉంటే పైకి లాగకుండా గోరువెచ్చని నీటిలో పక్కకు జరపండి. చల్లారిపోయి ఉంటే ఆ చల్లదనాన్నే వాడుకోవాలి, ఎందుకంటే చల్లని పిచ్ పెళుసు. రెంటినీ కలిపి గుడ్డలో చుట్టి, పాలిథీన్ సంచిలో పెట్టి, ఫ్రిజ్ కింది అరలో కొన్ని గంటలు ఉంచండి. తీసిన వెంటనే టూల్ అంచుకు చెక్కముక్క ఆనించి సుత్తితో ఒక్క దెబ్బ వేస్తే చాలావరకు టక్కున విడిపోతుంది. దెబ్బ గాజుకు తగలకూడదు. కిందపడకుండా పట్టుకోవడానికి ఇంకొకరు పక్కన ఉండాలి. మామూలు కిటికీ గాజు అయితే ఒక్కసారిగా చల్లబరచవద్దు, వేడి నీటిలో ముంచవద్దు. అంటుకున్న పిచ్‌ను టర్పెంటైన్‌తో తుడిచి, తరువాత సబ్బుతో కడగాలి.

ఈసారి పోసేటప్పుడు పిచ్ పాకంలా పారుతున్నప్పుడు కాక తేనె కంటే చిక్కబడ్డాక అద్దాన్ని ఆనించండి. ఆనించిన క్షణం నుంచి చెయ్యి ఆపవద్దు. తిప్పుతూ, జరుపుతూ ఉండాలి. ప్రతి అర నిమిషానికి పక్కకు జార్చి తీసి, పూత మళ్ళీ రాసి పెట్టాలి.

అక్కడక్కడా గళ్ళు ఊడి గాజుకు అంటుకున్నాయి

గాజు మీద జిడ్డు ఉంది, బహుశా మీ వేలి ముద్రలే. అద్దాన్ని కడిగి నిలబెట్టి చూడండి. నీరు పలుచటి తెరలా నిలవాలి. చుక్కలుగా విడిపోయిన చోటే అంటుతుంది. ఊడిన ముక్కను వేడిచేసి దాని చోటే అతికించి, పూత రాసిన అద్దంతో మళ్ళీ నొక్కితే సరిపోతుంది.

అద్దం చక్కగా వచ్చింది, ల్యాపే టూల్ నుంచి ఊడింది

నవ్వొస్తుంది కానీ పూత బాగానే పనిచేసింది, తప్పు వైపున పనిచేసింది. టూల్ మీద తడి చేతులు పడి ఉంటాయి, లేదా ప్లాస్టర్ టూల్ లోపల ఇంకా చెమ్మ ఉంటుంది. ప్లాస్టర్‌ను రోజుల తరబడి ఎండనిచ్చి వార్నిష్ పట్టించండి. పోసేముందు టూల్‌ను వెచ్చచేసి, టర్పెంటైన్‌లో కరిగించిన పిచ్‌ను పలుచగా పూసి ఆరనివ్వండి. పిచ్ పోయడం పూర్తయ్యేదాకా తడి గిన్నె బల్ల మీదకే రాకూడదు.

ల్యాప్ మీద బుడగలు, గుంటలు

పూత మడుగు కట్టింది, లేదా సబ్బు ఎక్కువై నురగ చిక్కుకుంది. ల్యాప్‌ను వేడి నీటిలో కొద్దిసేపు ముంచి, సీరియం పూసిన అద్దంతో మళ్ళీ నొక్కితే గుంటలు పూడతాయి. అన్నట్టు, పిచ్‌ను నేరుగా మంట మీద కరిగించవద్దు. పిచ్ నుంచి వచ్చే టర్పెంటైన్ ఆవిరి అంటుకుంటుంది, పిచ్ కూడా గట్టిపడిపోతుంది.

మెరుగు ఎక్కడం లేదు, నీరు ల్యాప్ మీద నిలవడం లేదు

ఎవరో వేజలైనో వంటనూనెనో సిలికోన్ స్ప్రేనో వాడారు. అంటకపోవడం నిజమే. కానీ మెరుగు పెట్టాలంటే సీరియం కలిసిన నీరు పిచ్‌ను తడపాలి, జిడ్డు దాన్ని తోసేస్తుంది. మిగిలింది సబ్బే అయితే మెత్తని బ్రష్‌తో చల్లని నీటిలో కడిగితే పోతుంది. నూనె అయితే బ్లేడుతో పై పొర గీకేయాలి. సిలికోన్ అయితే నేను ఆ పిచ్‌ను పారేసి కొత్తది పోస్తాను. ఖర్చే, కానీ వారాల శ్రమ కంటే చౌక.

సన్నని గీతలు పడుతున్నాయి

పూతలో రాపిడికి వాడే కరకు పొడి, కార్బోరండం, రేణువు పడింది. రాపిడి దశలో వాడిన గిన్నె, బ్రష్ ఇక్కడికి రాకూడదు. ల్యాప్ పై పొర గీకి, కొత్త పూతతో నొక్కండి.

రాత్రంతా బరువు పెట్టి నొక్కితే పొద్దుటికి కదలడం లేదు

ఫ్యాను గాలికి అంచుల నుంచి నీరు ఆరిపోయింది. హైదరాబాదులో మే నెలలో నా గదిలో ఇంకో ముచ్చట కూడా తోడయింది: పిచ్ మెత్తబడి చాళ్ళన్నీ పూడిపోయాయి. ఎండాకాలానికి గట్టి రకం కావాలి. గుగోల్జ్ అనే పేరుతో అమ్మే పిచ్‌లో 64 నంబరు రకం కంటే 73 గట్టిది. సొంతంగా కలుపుకునేవారు రోజిన్ (చెట్టు బంక నుంచి వచ్చే గట్టి పదార్థం) వంతు పెంచుకోవచ్చు. ఇప్పటికి బరువు తీసి, అంచు చుట్టూ నీరు పోసి, తడిగుడ్డ చుట్టి, పైన ప్లాస్టిక్ కవరు కప్పండి. రెండు మూడు గంటలకొకసారి పక్కకు నెట్టి చూడండి. చాళ్ళలోకి నీరు దూరితే అద్దం దానంతట అదే జారుతుంది. చాళ్ళు పూడి ఉంటే నీటికి దారి లేదు కనుక ఫ్రిజ్ పద్ధతే గతి.