అటెండెన్స్ తీసుకునేవాళ్లు లేని చదువు: మన లెక్క మనమే ఎలా రాసుకోవాలి

హైదరాబాద్‌లో అశోక్ నగర్‌లోనో చిక్కడపల్లిలోనో హాస్టల్ తీసుకుని గ్రూప్స్‌కి, అంటే రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగ పరీక్షలకి చదివేవాళ్ల కోసం, అవనిగడ్డలో టీచర్ పోస్టుల డీఎస్సీకి, నంద్యాలలో బ్యాంక్ పరీక్షలకి కూర్చున్నవాళ్ల కోసం, జాబ్ మానేసి ఇంట్లోనే ఒక గదిలో చదువుకుంటున్నవాళ్ల కోసం ఇది రాస్తున్నా. ఏ బుక్ చదవాలి, ఏ టాపిక్ వదిలేయాలి అని చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు కాబట్టి నేను ఆ జోలికి పోను. ఈ చదువులో పొద్దున్నే పేరు పిలిచేవాళ్లు ఉండరు, హోంవర్క్ అడిగేవాళ్లు ఉండరు, రిజల్ట్ వచ్చేదాకా మీరేం చేశారో ఎవరికీ తెలీదు, ఆ రిజల్ట్ రావడానికి ఒక్కోసారి ఏళ్లు పడుతుంది. అంటే లెక్క అడగాల్సిందీ మీరే, చెప్పాల్సిందీ మీరే. అది రోజూ ఎలా చెయ్యాలి, దాంతో పాటు మనిషి పాడవకుండా ఎలా ఉండాలి, అదే నా విషయం.

ముందు మీ లెక్కలోకి రానివి తీసి పక్కన పెట్టండి. తెలంగాణ గ్రూప్-2 చూడండి, 783 పోస్టులకి 2022 డిసెంబర్‌లో నోటిఫికేషన్ వచ్చింది, పరీక్ష 2023 ఆగస్టులో అన్నారు, తర్వాత నవంబర్ అన్నారు, ఆ తర్వాత 2024 జనవరి, మళ్లీ ఆగస్టు, చివరికి జరిగింది 2024 డిసెంబర్ 15, 16 తేదీల్లో. గ్రూప్-1 వాళ్లది ఇంకా ఘోరం, 2022 అక్టోబర్‌లో మొదటి దశ పరీక్ష, ప్రిలిమ్స్ రాశారు, పేపర్ లీక్ బయటపడి అది రద్దయింది, 2023 జూన్‌లో మళ్లీ రాస్తే హైకోర్టు రద్దు చేసింది, 2024 జూన్‌లో మూడోసారి రాశారు. ఇందులో చదివేవాడి తప్పు ఒక్కటీ లేదు. కానీ నేను చూసినంతలో చాలామంది తమ లెక్కనీ, పరీక్ష పెట్టే పబ్లిక్ సర్వీస్ కమిషన్ లెక్కనీ కలిపేస్తారు, కొందరు కమిషన్ మీద కోపంతో రెండు నెలలు పుస్తకం ముట్టుకోరు, ఇంకొందరు కమిషన్ చేసిన ఆలస్యాన్ని కూడా తమ నెత్తినే వేసుకుని "నేనే పనికిరాను, నా వయసంతా పోయింది" అని కుమిలిపోతారు. రెండూ తప్పు లెక్కలే. పోస్ట్‌పోన్ అయిందంటే ఒకటి రెండు రోజులు పుస్తకాలు మూసేయండి, కోపం వస్తే రానివ్వండి, ధర్నాకి వెళ్లాలనిపిస్తే వెళ్లండి, అది మీ హక్కు. తర్వాత కొత్త తేదీ చూసుకుని ప్లాన్ మొదట్నుంచి రాసుకోండి, పాత ప్లాన్‌నే సాగదీస్తే ఎప్పుడూ వెనకబడి ఉన్నట్టే అనిపిస్తుంది.

ఇప్పుడు నోట్‌బుక్. యాప్ వద్దు, ఎందుకంటే యాప్ కోసం ఫోన్ తీస్తారు, ఫోన్ తీశాక ఏమవుతుందో మీకు తెలుసు. మామూలు రూళ్ల పుస్తకం తీసుకుని పేజీని మూడు భాగాలు చెయ్యండి. ఎడమ పక్క రేపు ఏం చేద్దామనుకుంటున్నారో ముందు రోజు రాత్రే రాయండి, మధ్యలో నిజంగా ఏం చేశారో రాయండి, కుడి పక్క తేడా ఎందుకొచ్చిందో ఒక్క ముక్కలో. ఎడమ పక్క రాసేటప్పుడు "పాలిటీ" అని రాయకండి, "ప్రాథమిక హక్కులు, 12 నుంచి 35 అధికరణలు, తర్వాత వాటి మీద యాభై బిట్లు" అని రాయండి, అప్పుడే రాత్రికి అయిందో కాలేదో మీకే తేలిపోతుంది. కుడి పక్క మాత్రం తిట్టుకోవద్దు. "బద్ధకం" అని రాస్తే దాంతో మీరు చేయగలిగేది ఏమీ లేదు, "మధ్యాహ్నం భోజనం చేశాక రూమ్‌కి వెళ్లా, నిద్రపోయా" అని రాస్తే రేపు భోజనం అయ్యాక రూమ్‌కి వెళ్లకుండా నేరుగా రీడింగ్ రూమ్‌కి పోవచ్చు. పోలీసువాళ్లు పంచనామా రాసినట్టు రాయండి, ఏం జరిగిందో అంతే.

గంటలు రాయాలా అని చాలామంది అడుగుతారు. రాయండి, కానీ కుర్చీలో కూర్చున్న గంటలు వేరు, చదివిన గంటలు వేరు. పద్నాలుగు గంటలు లైబ్రరీలో ఉన్నా అని ఇంటికి ఫోన్ చేసి చెప్పొచ్చు, అమ్మ సంతోషపడుతుంది, కానీ అది ఇంటికి చెప్పే లెక్క. మీకు మీరు చెప్పుకునే లెక్కకి ఒక సులువైన పద్ధతుంది: పడుకునే ముందు పుస్తకం మూసేసి తెల్ల కాగితం మీద ఇవాళ చదివింది గుర్తున్నంత రాయండి. సగం పేజీ వస్తే ఆ సగం పేజీనే మీ రోజు. మొదట్లో చాలా బాధగా ఉంటుంది, పొద్దుట్నుంచి చదివి ఆరు లైన్లు కూడా రాకపోతే ఏడుపొస్తుంది. అయినా ఆపొద్దు, ఎందుకంటే ఇది లెక్క మాత్రమే కాదు, చదువు కూడా. 2006లో రోడిగర్, కార్పికీ అనే ఇద్దరు సైకాలజిస్టులు విద్యార్థుల మీద ప్రయోగం చేశారు, ఒకే పాఠాన్ని మళ్లీ మళ్లీ చదివినవాళ్లు ఐదు నిమిషాల తర్వాత పెట్టిన పరీక్షలో బాగా చేశారు, కానీ వారం తర్వాత చూస్తే చదివాక చూడకుండా గుర్తు తెచ్చుకుని రాసినవాళ్లకే ఎక్కువ గుర్తుంది. మన పరీక్షలు ఐదు నిమిషాల తర్వాత ఉండవు కదా.

ఇంక ఊహ సంగతి, ఇక్కడ కాస్త ఎక్కువ చెప్తా, ఎందుకంటే దీని గురించి ఎవరూ మాట్లాడరు. డిప్యూటీ కలెక్టర్ అయినట్టు, ఊళ్లో ఫ్లెక్సీ కట్టినట్టు, అప్పుడు మాట్లాడని బంధువులు ఇప్పుడు ఇంటికొచ్చినట్టు ఊహించుకోని అభ్యర్థి ఉండడు. మోటివేషన్ వీడియోలు కూడా అదే చెప్తాయి, గెలుపుని కళ్లముందు చూడు అని. కానీ గాబ్రియెల్ ఓటింగెన్ అనే సైకాలజిస్ట్ ఏళ్ల తరబడి దీన్నే పరిశీలించింది. 1991లో వచ్చిన ఒక అధ్యయనంలో బరువు తగ్గే ప్రోగ్రామ్‌లో చేరిన ఆడవాళ్లని చూస్తే, తగ్గగలను అనే నమ్మకం ఉన్నవాళ్లు బాగా తగ్గారు, కానీ అంతా హాయిగా జరిగిపోయినట్టు తీపి ఊహల్లో ఉన్నవాళ్లు తక్కువ తగ్గారు. నమ్మకం వేరు, పగటికల వేరు అన్నమాట. ఆవిడ చెప్పే దారి ఏంటంటే, కోరిక ఊహించుకోండి, వెంటనే దానికి అడ్డంపడేది మీలో ఏముందో అది కూడా అంతే స్పష్టంగా ఊహించుకోండి, తర్వాత ఆ అడ్డం వచ్చినప్పుడు ఏం చెయ్యాలో ముందే అనుకోండి. ఉదాహరణకి "రేపు సాయంత్రం ఆరింటికి ఫ్రెండ్స్ టీకి పిలుస్తారు, పిలిస్తే ఒక్క టీ తాగి, నిలబడే తాగి, ఆరున్నరకి సీట్లో ఉంటా". చిన్నగా ఉంది కదా, కానీ అలా ముందే చూసుకున్నవాడు ఆ టైమ్ వచ్చినప్పుడు ఆలోచిస్తూ కూర్చోడు.

ఊహని చదువులోకి కూడా తీసుకురండి. కృష్ణా నది ఉపనదులు బట్టీ పట్టడం కష్టం, అదే మీరు నీళ్లతో పాటు ప్రయాణం చేస్తున్నట్టు కళ్లు మూసుకోండి. మహాబలేశ్వర్ దగ్గర మొదలయ్యారు, మహారాష్ట్ర దాటారు, కర్ణాటకలో ఆల్మట్టి, నారాయణపూర్, తర్వాత భీమ వచ్చి కలిసింది, తెలంగాణలోకి వచ్చి జూరాల దాటారు, ఆలంపూర్ దగ్గర తుంగభద్ర కలిసింది, నల్లమలలో శ్రీశైలం, ఆ కిందికి నాగార్జునసాగర్, వాడపల్లి దగ్గర హైదరాబాద్ నుంచి వచ్చిన మూసీ కలిసింది, పులిచింతల, విజయవాడలో ప్రకాశం బ్యారేజ్, హంసలదీవి దగ్గర సముద్రం. రెండుసార్లు ఇలా వెళ్లొస్తే ఇక మ్యాప్ చూడక్కర్లేదు. ప్రిలిమ్స్ తర్వాత పెద్ద జవాబులు రాసే మెయిన్స్‌కి చదివేవాళ్లయితే వరదల గురించి ఆన్సర్ రాసేముందు ఆ మండలానికి మీరే తహసీల్దార్ అనుకోండి, అర్ధరాత్రి చెరువు కట్ట తెగిందని ఫోన్ వచ్చింది, ముందు ఎవర్ని లేపుతారు, జనాన్ని ఏ స్కూల్లో పెడతారు, అన్నం ఎక్కణ్నుంచి తెస్తారు. ఆ ఆన్సర్‌లో దమ్ముంటుంది. కలెక్టర్ కారుని ఊహించుకోవడం కన్నా కలెక్టర్ పనిని ఊహించుకోండి, ఆ పని నిజంగా మీకు ఇష్టమో కాదో కూడా అప్పుడే తెలుస్తుంది.

బ్యాలెన్స్ అనేది రోజులో వెతకొద్దు, వారంలో చూసుకోండి. ఒక రోజు పది గంటలు చదువుతారు, ఇంకో రోజు జ్వరం వస్తుంది, అంతే. ఆదివారం సాయంత్రం నోట్‌బుక్‌లో ఆ వారం మొత్తం తిరగేసి చూడండి, చదువుతో పాటు నాలుగు విషయాలు: సరిగ్గా నిద్రపోయానా, ఒళ్లు కదిలిందా, ఇంట్లోవాళ్లతో చదువు కాని విషయం ఏదైనా మాట్లాడానా, చేతిలో డబ్బు ఎంతుంది. నిద్ర తగ్గించి చదవడం గొప్పగా చెప్పుకుంటారు కానీ చదివింది మెదడులో బాగా కుదురుకునేది నిద్రలో, అది కోసేస్తే చదివినదాన్నే కోసేసినట్టు. అశోక్ నగర్‌లో ఉన్నవాళ్లకి ఇందిరా పార్క్ పక్కనే, పొద్దున్నే ఓ అరగంట నడవండి. అక్క పెళ్లికి వెళ్లకుండా చదివా అని చెప్పేవాళ్లని చూసి మీరూ అలా చెయ్యకండి, ఆ రెండు రోజుల సిలబస్ తర్వాత దొరుకుతుంది, పెళ్లి మళ్లీ రాదు. డబ్బు విషయం మాత్రం దాచొద్దు, హాస్టల్ ఫీజు, రీడింగ్ రూమ్ ఫీజు, టెస్ట్ సిరీస్ ఎంతవుతోందో నెలకోసారి రాసి నాన్నకి మీరే చెప్పండి, ఆయన అడిగేదాకా ఆగొద్దు.

ఒక్కళ్లే అయితే లెక్క మెల్లగా జారిపోతుంది. అందుకని ఒక్క మనిషిని పెట్టుకోండి, వారానికోసారి ఇద్దరూ నోట్‌బుక్‌లు మార్చుకుని చూసుకోండి. టెలిగ్రామ్ గ్రూపులు దీనికి పనికిరావు, అక్కడ పీడీఎఫ్‌లు వస్తాయి కానీ నిన్న ఎందుకు చదవలేదు అని అడిగేవాళ్లు రారు. ఆ మనిషి మీ కన్నా తెలివైనవాళ్లు కానక్కర్లేదు, అదే పరీక్ష రాసేవాళ్లు కూడా కానక్కర్లేదు, మొహమాటం లేకుండా అడిగేవాళ్లయితే చాలు.

చివరిది, అందరూ వాయిదా వేసేది, ఎప్పుడు ఆపాలి అన్నది. ఐఏఎస్ లాంటి ఉద్యోగాలకి పెట్టే యూపీఎస్సీ సివిల్స్‌కి గవర్నమెంటే గీత గీసింది, జనరల్ వాళ్లకి 32 ఏళ్లు, ఆరు అటెంప్టులు, ఓబీసీకి 35 ఏళ్లు, తొమ్మిది. రాష్ట్ర పరీక్షలకి వయసు పరిమితి ఇంకా ఎక్కువ ఉంటుంది, నోటిఫికేషన్‌కీ నోటిఫికేషన్‌కీ మధ్య ఏళ్లు గడుస్తాయి, కాబట్టి ఆ గీత మీరే గీసుకోవాలి. రిజల్ట్ వచ్చిన రోజు గియ్యకండి, ఆ రోజు మనసు నిలకడగా ఉండదు. మామూలు రోజున, బాగా నిద్రపోయి లేచిన రోజున, ఒక కాగితం మీద తేదీ రాయండి, ఆ తేదీ దాటితే ఏం చేస్తారో కూడా అదే కాగితం మీద రాయండి, బీఈడీ ఉంటే ప్రైవేట్ స్కూల్లో చేరి డీఎస్సీకి చదవడమా, బ్యాంక్ పరీక్షలా, పాత ఫీల్డ్‌లోకి తిరిగి వెళ్లడమా, ఎవరితో మాట్లాడాలో పేర్లతో సహా. ఆ ఉద్యోగంలో మీ మొదటి నెల ఎలా ఉంటుందో కూడా కాసేపు కూర్చుని ఊహించుకోండి, ఎన్నింటికి లేస్తారు, జీతం ఎంత, సాయంత్రం చదవడానికి టైమ్ ఉంటుందా. ఆ తేదీలోపు రెండుసార్లు చూడండి, కొత్త నోటిఫికేషన్ నిజంగా వచ్చేస్తే మార్చుకోవచ్చు, వస్తుందని ఎవరో అంటే మాత్రం మార్చొద్దు. ఆ కాగితాన్ని దాచుకోకుండా ఇంట్లో ఒకరికి చూపించండి, అక్కకో నాన్నకో, పెళ్లయితే మీ ఆవిడకో ఆయనకో, వాళ్లతో కూడా సంతకం పెట్టించి ఒక కాపీ వాళ్ల దగ్గరే ఉంచండి.