పాత మోడల్ రైలింజన్ కొనేముందు

సెకండ్ హ్యాండ్ మోడల్ ఇంజన్ కొనేటప్పుడు పెయింట్ మెరుపు చూసి పడిపోకండి. పట్టాల మీద నత్తనడకలా నడిపించి చూడండి. వేగంలో ఏ ఇంజనైనా బాగానే కనిపిస్తుంది, కుదుపులు, ఆగిపోవడాలు బయటపడేది నెమ్మదిలోనే. తర్వాత అడుగున ఉన్న జింకు మిశ్రమ ఛాసిస్ చూడండి. సన్నటి పగుళ్లు, ఉబ్బు కనిపిస్తే ఎంత చవకైనా వదిలేయండి. పోతలో సీసం లాంటి మలినాలు కలిసిన లోహం లోపలి నుంచే పొడిబారుతుంది, దానికి మందు లేదు. హెచ్‌ఓ (అసలు రైలులో 87వ వంతు సైజు) ఇంజనైతే రెండు పట్టాల డీసీ కరెంటుదా, జర్మన్ కంపెనీ మార్క్లిన్ మూడు పట్టాల ఏసీ కరెంటుదా అని అడగండి. పట్టాల మధ్య దూరం రెండింటికీ 16.5 మిల్లీమీటర్లే, కానీ ఒకదాని ఇంజన్ రెండోదాని మీద నడవదు, అక్కడే మోసపోతాం.

ఇంటికొచ్చాక చక్రాలు ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి. గేర్లకి ప్లాస్టిక్‌ని తినని నూనె, సూదిమొనతో ఒక్క చుక్క చాలు. ఎక్కువ పోస్తే దుమ్ముకి విందే!