శ్రీశైలం బండి మాట్లాడుకునే ముందు డ్రైవర్ నిద్ర గురించి అడగండి

పోయిన ఆదివారం రాత్రి మా కాలనీ వాళ్లు శ్రీశైలం నుంచి తిరిగొస్తుంటే డిండి దాటాక టెంపో ట్రావెలర్ కల్వర్టు గోడకు గుద్దుకుంది. ప్రాణాలు దక్కాయి. పక్కింటి పెద్దమ్మకు భుజం ఎముక విరిగింది, ఇద్దరు పిల్లలకు తల మీద కుట్లు పడ్డాయి. బండి మంచిదే. టైర్లు కొత్తవే. వాన కూడా లేదు. డ్రైవర్‌కు కునుకు పట్టింది, అంతే. ఆసుపత్రిలో ఆ అబ్బాయే చెప్పాడు: అంతకు ముందు రాత్రి ఒంటిగంటన్నరకు శంషాబాద్ ఎయిర్‌పోర్టులో ఎవరినో దించాడట. మూడింటికి యజమాని ఫోన్. నాలుగింటికల్లా మా వాళ్ల గేటు ముందు ఉన్నాడు.

26 ఏళ్లు ఆర్టీసీ బస్సు నడిపినవాణ్ణి. సెలవులకు హైదరాబాద్ వచ్చే చుట్టాలందరికీ మొదట చెప్పే మాట ఇదే. ఏసీ ఉందా, టిఫిన్ కలిపారా, తలకు ఎంత అని అరగంట బేరమాడతారు. డ్రైవర్ రాత్రి పడుకున్నాడా అని మాత్రం అడగరు.

శ్రీశైలం ఇక్కడి నుంచి 200 కిలోమీటర్ల పైనే. తెల్లారి 4కి బయల్దేరి రాత్రి 11కి ఇల్లు చేరడమంటే 19 గంటలు. డ్రైవర్‌కు రోజుకు 8 గంటల పని అని 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టమే చెప్పింది. మనం దర్శనం క్యూలో ఉన్నప్పుడు పడుకుంటాడులే అనుకుంటారు. పార్కింగ్‌లో ఎండకు కాగిన సీట్లో, బండి జరుపు జరుపు అని అద్దం తడుతుంటే పట్టేది నిద్ర కాదు.

పైగా అది అమ్రాబాద్ పులుల అడవి. రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా బండ్లు వదలరు. ఈ వానాకాలంలో డ్యామ్ గేట్లు ఎత్తారని తెలిస్తే చాలు, ఘాట్ మొత్తం జామ్. అక్కడ పోయిన రెండు గంటలు డ్రైవర్ అడవిలో తొక్కి రాబట్టుకుంటాడు, 9 లోపు హైదరాబాద్ వైపు చెక్‌పోస్టు మన్ననూరు దాటాలి కదా. దాటగానే ఒళ్లు వదులవుతుంది. కడుపునిండా అన్నం, చల్లటి ఏసీ, వెనక అందరూ నిద్ర. కునుకు పట్టేది ఘాట్ మలుపుల్లో కాదు, ఆ తర్వాత డిండి, వెల్దండ, ఆమనగల్ మధ్య తిన్నటి రోడ్డు మీద.

ఊళ్లో తిరిగే టూర్లకు ఇంత భయం లేదు. సాలార్‌జంగ్ మ్యూజియం, చౌమహల్లా ప్యాలెస్ శుక్రవారం మూస్తారు, జూ సోమవారం. ఆ రోజుల్లో అవి చూపిస్తామని డబ్బు తీసుకునేవాళ్లను నమ్మకండి. గోల్కొండ, చార్మినార్, ఫిల్మ్‌సిటీ ఒకే రోజంటే దిగి ఫొటో తీసుకుని ఎక్కడమే. ఫిల్మ్‌సిటీకే ఒక రోజు కావాలి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లుంటే గోల్కొండకు పొద్దున్నే వెళ్లండి.

దూరం బండి విషయానికి మళ్లీ వస్తున్నా.

ఒక రాత్రి అక్కడ ఉండేలా మాట్లాడుకోండి. డ్రైవర్‌కు మంచం కూడా అందులోనే. గది అద్దె మిగులుతుందని బండిలో పడుకోబెట్టకండి.

అదే రోజు తిరిగి రావాల్సిందే అంటే ఇద్దరు డ్రైవర్లు.

ముందు రోజు సాయంత్రం డ్రైవర్‌తోనే మాట్లాడండి, యజమానితో కాదు. "రాత్రి డ్యూటీ ఉందా బాబూ?" అని మెల్లగా అడిగితే నిజం చెబుతాడు. ఉందంటే బండి మార్చండి. అడ్వాన్సు పోతే పోయింది.

తెల్ల నెంబర్ ప్లేటు బండి ఎంత చవకగా వచ్చినా వద్దు. అది సొంత వాడకం బండి. ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ దగ్గర చిక్కు మీకే.

మధ్యలో స్టూలు వేసి మనిషిని ఎక్కిస్తే దిగిపోండి.

అడవిలో ఫోన్ సిగ్నల్ ఉండదు. ఇంటికి చెప్పాల్సింది మన్ననూరులోనే చెప్పండి.

తిరుగు ప్రయాణంలో ముందు సీట్లో మెలకువగా ఒకరు కూర్చోవాలి. పిల్లాణ్ణి కాదు, పెద్దమనిషిని. మెడ మీద తడిగుడ్డ వేసుకున్నా, ఊరికే అద్దం దించుతున్నా, ఎదురు బండికి డిప్పర్ ఆలస్యంగా కొట్టినా, తెల్లగీత మీదికి పోయి ఉలిక్కిపడి లాగినా అతనికి నిద్ర వస్తోందని అర్థం. టీ ఇప్పించి పోనివ్వకండి. ఆపించండి. అరగంట పడుకోనివ్వండి.

త్వరగా పోనీ అనకండి. ఒక్కసారి కూడా అనకండి.

తిరిగొచ్చేటప్పుడు శ్రీశైలం వైపు అడవి గేటు, దోమలపెంట చెక్‌పోస్టులో ఆపేస్తే వాళ్లతో వాదించకండి, ఎవరికీ ఫోన్లు చేయించకండి. బండి వెనక్కి తిప్పి శ్రీశైలంలోనే పడుకోండి, గేటు తెల్లారి 6కి తెరుస్తారు.