బొమ్మ పడాలి: ఇంట్లో కొట్టిన డీవీడీ అందరి ప్లేయర్లలో ఆడేలా (నాలుగో పాఠం)

మూడో పాఠం అయ్యేసరికి పాత పెళ్లి క్యాసెట్‌ని కంప్యూటర్‌లోకి ఎక్కించుకున్నాం. అక్కర్లేని ముక్కలు కోసేసి, డీవీడీకి పనికొచ్చే ఎంపెగ్-2 ఫైలుగా మార్చాం. సైజు 720 బై 576, సెకనుకి 25 ఫ్రేములు, సౌండు 48 కిలోహెర్ట్జ్. ఇవన్నీ చేసినవాళ్ల దగ్గర ఇప్పుడు వీడియో_టీఎస్ అనే ఫోల్డరు, అందులో ఐఎఫ్‌ఓ, బీయూపీ, వీఓబీ ఫైళ్లు ఉంటాయి. లేకపోతే ఆ పాఠం ముందు పూర్తి చేసి రండి. ఇవాళ్టి పని ఖాళీ డిస్కు చేతిలోకి తీసుకోవడం దగ్గర మొదలవుతుంది.

పాఠంలోకి వెళ్లేముందు నాకు జరిగింది చెప్పాలి. ఈ పాఠమంతా అందులోంచే వచ్చింది.

మాది రాజోలు వైపు పల్లెటూరు. మా పెద్దమ్మ వాళ్లది గోదావరి అవతల నరసాపురం. మోకాళ్ల నొప్పులతో ఆవిడ మా చెల్లి పెళ్లికి రాలేకపోయింది. అందుకని పెళ్లి డీవీడీ నేనే కొట్టి, సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కి, స్వయంగా తీసుకెళ్లి ఇచ్చాను. కరెంటు లేకపోవడంతో అక్కడ పెట్టి చూడటం కుదరలేదు. రాత్రి ఫోను వచ్చింది. "ఒరే అబ్బాయ్, బిళ్ళ గిర్రున తిరుగుతోంది గానీ బొమ్మ పడట్లేదురా."

అదే ఫైలుతో అదే రోజు కొట్టిన ఇంకో డిస్కు మా ఇంట్లో చక్కగా ఆడుతోంది. నాకు ఏం అర్థం కాలేదు. తర్వాత తెలిసింది ఏంటంటే, మన ప్లేయర్లో ఆడటం అసలు పరీక్షే కాదు. డిస్కు వెళ్లే ఇంట్లో ఉన్న పాత ప్లేయరు ఏది చదవగలదో, దాన్నిబట్టే మనం కొట్టాలి.

ఏ డిస్కు కొనాలి

షాపులో అమ్మే సినిమా డీవీడీలో బొమ్మంతా చిన్న చిన్న గుంటలుగా అచ్చు వేసి ఉంటుంది. మనం కొట్టే డిస్కులో గుంటలు ఉండవు. రంగు పూత ఒకటి ఉంటుంది. రైటర్ (డిస్కు కొట్టే డ్రైవు) లోపలి లేజరు ఆ పూతను చుక్కలు చుక్కలుగా కాలుస్తూ పోతుంది. అందుకే దీన్ని బర్నింగ్ అంటారు. ప్లేయరు తన 650 నానోమీటర్ల ఎర్ర లేజరును డిస్కు మీద వేసి, తిరిగొచ్చే వెలుగులో తేడాను చదువుకుంటుంది. అంటే ఎంత వెలుగు తిరిగొస్తోందన్నదే ఇక్కడ అసలు సంగతి.

ఒకే పొర ఉన్న అచ్చు డిస్కు నుంచి 45 నుంచి 85 శాతం వెలుగు తిరిగి రావాలని లెక్క. ఒక్కసారి మాత్రమే రాయగలిగే డీవీడీ మైనస్ ఆర్ డిస్కులకూ అదే లెక్క. చెరిపి మళ్లీ రాసుకునే ఆర్‌డబ్ల్యూ డిస్కు మాత్రం 18 నుంచి 30 శాతమే వెనక్కి ఇస్తుంది. రెండు పొరల అచ్చు డిస్కు కూడా సుమారు అంతే ఇస్తుంది. కాబట్టి పాత ప్లేయరు ఆర్‌డబ్ల్యూని చూసి రెండు పొరల డిస్కేమో అనుకుని రెండో పొర కోసం వెతుకుతుంది, దొరక్క "నో డిస్క్" అని చేతులెత్తేస్తుంది. నేను పెద్దమ్మకి ఇచ్చింది సరిగ్గా అదే. ఖరీదు ఎక్కువ కదా, మంచిదై ఉంటుందని ఆర్‌డబ్ల్యూ కొన్నాను.

ఒక్కసారి రాసే డిస్కుల్లో మైనస్ ఆర్, ప్లస్ ఆర్ అని రెండు రకాలు. ఇక మైనస్సా, ప్లస్సా? మైనస్ ఆర్ 1997లో వచ్చింది, ప్లస్ ఆర్ 2002లో. పాత ప్లేయర్లు చాలావరకు మైనస్‌నే బాగా గుర్తుపడతాయి. మీకు ప్లస్ ఆర్ మాత్రమే దొరికితే దానికీ ఒక దారి ఉంది. ప్రతి డిస్కులో "నేను ఫలానా రకం" అని చెప్పే చిన్న గుర్తు ఉంటుంది, దాని పేరు బుక్ టైప్. ప్లస్ ఆర్‌లో ఆ గుర్తును కొట్టేముందే డీవీడీ-రోమ్ (DVD-ROM) అని మార్చుకోవచ్చు, అప్పుడు ప్లేయరు దాన్ని అచ్చు డిస్కే అనుకుంటుంది. ఇమ్‌గ్‌బర్న్ అనే ఉచిత ప్రోగ్రాంలో కింద కుడివైపు చిన్న పుస్తకం బొమ్మ ఉంటుంది, దాని పని ఇదే. మీ రైటర్ దీన్ని ఒప్పుకుంటేనే జరుగుతుంది. మైనస్ ఆర్‌లో ఈ గుర్తు మార్చడానికి వీల్లేదు, మార్చాల్సిన అవసరమూ రాదు.

నా మాట వింటే మైనస్ ఆర్ కొనండి. రేటు చూసి పేరు లేని డిస్కుల జోలికి పోకండి.

600 లెక్క

మైనస్ ఆర్ డిస్కులు తెచ్చి మళ్లీ కొట్టాను, మళ్లీ పంటు ఎక్కాను. ఈసారి బొమ్మ పడింది. స్నాతకం, జీలకర్ర బెల్లం, తలంబ్రాలు, అన్నీ హాయిగా ఆడాయి. అప్పగింతలు వచ్చేసరికి బొమ్మ గళ్లు గళ్లుగా పగిలి ఆగిపోయింది. పెద్దమ్మ ఎదురుచూస్తున్నది ఆ ఘట్టం కోసమే.

డీవీడీ మధ్యలోంచి మొదలై అంచు వైపు రాసుకుంటూ పోతుంది. చదవడమూ అలాగే. డిస్కు ఏ కాస్త వంగినా ఆ వంపు అంచు దగ్గరే ఎక్కువ తెలుస్తుంది, రంగు పూతలో హెచ్చుతగ్గులు కూడా అక్కడే ఎక్కువ. నేను డిస్కును అంచుదాకా నింపేశాను. పెళ్లిలో చివరి ఘట్టం, డిస్కులో చివరి అంచు, రెండూ ఒకచోటే పడ్డాయి.

డబ్బా మీద 4.7 జీబీ అని ఉంటుంది. కంపెనీవాళ్లు జీబీని వంద కోట్ల బైట్లుగా లెక్కేస్తారు, విండోస్ 1024 చొప్పున హెచ్చించి లెక్కేస్తుంది. కాబట్టి కంప్యూటర్‌లో అదే డిస్కు 4.38 జీబీగా కనిపిస్తుంది. అందులోనూ 4.2 దగ్గరే ఆగండి. మిగిలిన అంచు ఖాళీగా పోనివ్వండి.

ఇందుకు ఫైలు ముందే సరిపడేలా తయారవ్వాలి. మూడో పాఠంలో బిట్‌రేట్ ఎంత పెట్టాలో తర్వాత చెప్తానన్నాను కదా, ఇదిగో. 600ని మీ వీడియో నిమిషాలతో భాగించండి. వచ్చిందే బొమ్మకీ సౌండుకీ కలిపి సెకనుకి ఎన్ని మెగాబిట్లు వాడొచ్చన్న లెక్క. 4.2 జీబీ అంటే సుమారు 36,000 మెగాబిట్లు, దాన్ని 60 సెకన్లతో భాగిస్తే వచ్చేదే ఈ 600. రెండు గంటల పెళ్లి అయితే 600ని 120తో భాగిస్తే 5. అందులో సౌండుకి 0.2 తీసేస్తే బొమ్మకి 4.8 మిగులుతుంది, చాలు. గంటన్నరకి సుమారు 6.7. గంటకి 10 వస్తుంది కానీ అంత పెట్టకండి. నియమాల ప్రకారం బొమ్మకి 9.8 దాకా వెళ్లొచ్చు. అయినా ఇంట్లో కొట్టిన డిస్కును అంత వేగంగా చదవలేక పాత ప్లేయర్లు తడబడతాయి, ఏడు దాటనివ్వకండి. మూడు గంటలకి 3.3 వస్తుంది. ఆ బొమ్మలో దీపాలు, పూలదండలు, పట్టుచీర అంచులు అన్నీ అలుక్కుపోతాయి. రెండు డిస్కులు చేయడం మేలు.

కొట్టడం

విండోస్‌లో ఫైళ్లను డిస్కు మీదికి లాగి వదిలేయకండి. అలా పెన్ డ్రైవ్‌లాగా రాసిన డిస్కు కంప్యూటర్లో తెరుచుకుంటుంది గానీ, టీవీ కింద ఉండే ప్లేయరుకి అర్థం కాదు. ఇమ్‌గ్‌బర్న్‌లో ఫోల్డర్లోంచి డిస్కుకి రాసే పద్ధతి ఎంచుకుని వీడియో_టీఎస్ ఫోల్డరు చూపించండి. ఫోల్డరు పేరు పెద్ద ఇంగ్లీషు అక్షరాల్లోనే ఉండాలి. ఫైల్ సిస్టమ్ అడిగితే ఐఎస్‌ఓ 9660, యూడీఎఫ్ కలిపి ఉన్నది ఎంచుకుని, యూడీఎఫ్ 1.02 పెట్టండి.

స్పీడు దగ్గర చాలామంది పొరపాటు పడతారు. ఎంత నెమ్మదిగా కొడితే అంత మంచిదని అనుకుంటారు. 16 ఎక్స్ (అంటే మామూలు వేగానికి 16 రెట్లు) డిస్కు పూత వేగానికి తగ్గట్టు తయారైంది, దాన్ని మరీ నెమ్మదిగా కాల్చినా చుక్కలు సరిగ్గా పడవు. పూర్తి 16లో కొడితే అంచు దగ్గర తప్పులు పెరుగుతాయి. 8 ఎక్స్ పెట్టండి. ఎనిమిది నిమిషాల్లో అయిపోతుంది. అంచు దగ్గర ఇంకా ఆగుతుంటే 4 ఎక్స్‌లో ఒకటి కొట్టి చూడండి, పావుగంట పడుతుంది.

"ఫైనలైజ్" అన్నచోట టిక్కు తప్పకుండా ఉండాలి. డిస్కు ఇక్కడితో అయిపోయిందని చెప్పే ముగింపు వలయం అప్పుడే పడుతుంది. అది పడని డిస్కును చాలా ప్లేయర్లు లోపలికి తీసుకుని బయటికి తోసేస్తాయి. "వెరిఫై" కూడా టిక్కు పెట్టండి. ఇంకో ఐదారు నిమిషాలు పోతాయి, పోనివ్వండి.

మన వైపు కరెంటు సంగతి తెలిసిందే. కొడుతుండగా కరెంటు పోతే ఆ మైనస్ ఆర్ ఇక పనికిరాదు. యూపీఎస్ లేకపోతే బ్యాటరీ నిండిన ల్యాప్‌టాప్‌లో కొట్టండి.

కిటికీ దగ్గర చూడండి

డిస్కు బయటికి రాగానే అంచులు, మధ్య రంధ్రం పట్టుకుని పగటి వెలుతురులో కిటికీ దగ్గరికి తీసుకెళ్లండి. ఊదా రంగు వైపు మీకు కనిపించేలా, కొంచెం ఏటవాలుగా పట్టుకోండి. లోపలి నుంచి కొంతదూరం రంగు కాస్త ముదురుగా ఉంటుంది, అది రాసిన భాగం. తర్వాత లేతగా మిగిలింది ఖాళీ అంచు. రెండింటి మధ్య గీత గుండ్రంగా, కత్తితో కోసినట్టు ఉండాలి. ముదురు భాగంలో మబ్బుల్లా మచ్చలు గానీ, మధ్య నుంచి అంచుకి చారలు గానీ కనిపిస్తే అది పూత సరిగ్గా లేని డిస్కు. మీ ఇంట్లో ఆడినా ఎవరికీ ఇవ్వకండి. నాకు ఒకే డబ్బాలో ఇలాంటివి నాలుగు తగిలాయి. ఆ డబ్బా మొత్తం పక్కన పెట్టేశాను.

డిస్కు మీద కాగితం స్టిక్కరు అంటించవద్దు. ఒక పక్క బరువు పెరిగి డిస్కు ఊగుతుంది. పైగా మన కోనసీమ తేమకి కాగితం ఉబ్బి, జిగురు ఊడి, ఒక్కోసారి ప్లేయరు లోపలే అంటుకుపోతుంది. పేరు, తేదీ రాయాలంటే డిస్కులకని అమ్మే మార్కరుతో మధ్యలో ఉన్న పారదర్శకమైన వలయం మీద రాయండి. డీవీడీ అంటే 0.6 మిల్లీమీటర్ల రెండు పలకలు అతికించినది, రంగు పూత వాటి మధ్య ఉంటుంది. ఆ అతుకులోకి తేమ చేరితే అంచు నుంచి పాడవుతుంది. వానాకాలంలో డిస్కులు గోడకి ఆనుకున్న అలమరలో ఉంచకండి. మూత గట్టిగా పట్టే స్టీలు డబ్బాలో, కొత్త చెప్పుల పెట్టెల్లో వచ్చే సిలికా జెల్ పొట్లాలు రెండు వేసి, నిలబెట్టి ఉంచండి. తుడవాల్సి వస్తే మెత్తని నూలుగుడ్డతో మధ్య నుంచి అంచుకి తిన్నగా తుడవండి, గుండ్రంగా తిప్పి రుద్దకండి.

ఈ వారం చేయాల్సింది

ఒకే ఫైలును రెండు మైనస్ ఆర్ డిస్కుల మీద కొట్టండి, ఒకటి 8లో, ఇంకోటి 4లో. వలయం మీద స్పీడు రాయండి. తర్వాత మీ వీధిలో అందరికంటే పాత ప్లేయరు ఎవరింట్లో ఉందో కనుక్కోండి. నేనైతే మా వీధి చివర కొబ్బరికాయల వ్యాపారం చేసే మావయ్యగారింటికి వెళ్లేవాణ్ని. పెద్దమ్మకి మూడోసారి పంపిన డిస్కు ఆయన ప్లేయర్లో చివరిదాకా ఆడాకే పంటు ఎక్కింది. మొదటి నుంచి చూస్తూ కూర్చోనక్కర్లేదు. రిమోట్‌తో చివరికి వెళ్లి ఆఖరి పది నిమిషాలు చూడండి. ఆగిందా, ఏ నిమిషం దగ్గర, ఏ డిస్కు, నోట్‌బుక్కులో రాసుకోండి. ఐదో పాఠంలో చాప్టర్లు పెట్టడం మొదలుపెట్టేటప్పుడు ఆ నోట్‌బుక్కు దగ్గర ఉంచుకోండి. డిస్కు ఆగిన చోటును దాటుకుని నేరుగా తర్వాతి ఘట్టానికి వెళ్లేలా ఎలా చేయాలో దాన్ని చూసుకుంటూనే చేద్దాం.