అశ్వగంధ, తులసి సాగులో ట్రైకోడెర్మా, వ్యామ్ ఎలా వేయాలి

గుంటూరు చుట్టుపక్కల మిర్చి వేసిన చేలో అశ్వగంధ వేద్దామనుకుంటే ముందు భూసార పరీక్ష చేయించండి. ఏళ్ల తరబడి డీఏపీ పడ్డ నేలలో భాస్వరం పేరుకుపోయి ఉంటుంది. అది వేరుకు తేలిగ్గా దొరికినంత కాలం మొక్క వ్యామ్‌ను (వేళ్లలో చేరి నేలలోని భాస్వరాన్ని మొక్కకు అందించే శిలీంధ్రాన్ని) పెద్దగా చేరనివ్వదు. పరీక్షలో భాస్వరం ఎక్కువని వస్తే డీఏపీ, సూపర్ ఫాస్ఫేట్ మానేయండి. వ్యామ్ కూడా కొనక్కర్లేదు, వేరుకుళ్లు లాంటి తెగుళ్లను అడ్డుకునే మేలుచేసే శిలీంధ్రం ట్రైకోడెర్మా చాలు.

ట్రైకోడెర్మాను ఇంటి దగ్గరే పెంచుకోవచ్చు. బాగా చివికిన పశువుల ఎరువు 90 కిలోలు, వేపపిండి 10 కిలోలు, ట్రైకోడెర్మా విరిడి పొడి 2 కిలోలు చెట్టు నీడన కలిపి నీళ్లు చిలకరించండి. పిడికిట నొక్కితే ముద్ద కావాలి, నీరు కారకూడదు. తడి గోనెసంచులు కప్పి, మూడు నాలుగు రోజులకోసారి తిరగేయండి. వారం పది రోజుల్లో తెల్లబూజు పట్టి, తర్వాత ఆకుపచ్చకు తిరుగుతుంది. పచ్చిపేడ వాడితే కుప్ప వేడెక్కి శిలీంధ్రం చస్తుంది. నీరెక్కువైతే కంపు కొడుతుంది. నల్లబూజు కమ్మిన కుప్ప చేలోకి వద్దు. బెజవాడ మే ఎండల్లో రేకుల షెడ్డు కింద ఈ పని పెట్టుకోకండి. తయారైన ఎరువు మొత్తాన్ని ఆఖరి దుక్కిలో, నేలలో పదును ఉన్నప్పుడు ఎకరానికి చల్లండి.

పొడి కొనేటప్పుడు తయారీ తేదీ చూడండి. ఎండ తగిలే అద్దాల అల్మరాలో పెట్టిన ప్యాకెట్ సగం ధరకిచ్చినా దండగే.

వ్యామ్ సంగతి వేరు. అది బతికున్న వేరు మీదే పెరుగుతుంది, పేడకుప్పలో పెరగదు. ఎకరానికి 5 కిలోలు, జల్లించిన వర్మికంపోస్టులో కలిపి విత్తనం కిందపడేలా సాళ్లలో వేయండి. పైన చల్లితే వేరుకు అందదు. తులసికైతే నారుమడిలోనే విత్తనానికి అంగుళం లోతున పలచగా పరవండి. నారు దాన్ని వేళ్లతోనే పొలానికి తెస్తుంది.

విత్తనశుద్ధికి కిలోకు 10 గ్రాముల ట్రైకోడెర్మా, కాస్త గంజి చాలు. శిలీంధ్రాలను చంపే మందు కార్బెండజిమ్‌తో కలపొద్దు, అది ట్రైకోడెర్మానూ చంపుతుంది. తప్పనిసరై మొదళ్లలో పోస్తే రెండు వారాలాగి ట్రైకోడెర్మా మళ్లీ వేసుకోవాలి.

అశ్వగంధకు యూరియా ఎక్కువైతే ఆకు ఏపుగా వస్తుంది, వేరు మాత్రం ఊరదు. తులసిలో అమ్మేది ఆకే కాబట్టి ప్రతి కోత తర్వాత వర్మికంపోస్టు వేసి తడి ఇవ్వండి. నల్లరేగడిలో అశ్వగంధను బోదెల మీద వేయకపోయినా, మురుగుకాలువ తీయకపోయినా, ఎంత ట్రైకోడెర్మా వేసినా వేరుకుళ్లు ఆగదు.