బీపీ దిగట్లేదా? ఒకసారి మిషన్‌లో చేతికి చుట్టే పట్టీ సైజు చూడండి (నా అనుభవం)

మాది అమలాపురం పక్కన పల్లెటూరు, నాకు 67 ఏళ్లు. బీపీ ఎప్పుడు చూపించుకున్నా 160కి పైనే. తలనొప్పి లేదు, కళ్లు తిరగడం లేదు. ఆవకాయ మానేశాను, వెల్లుల్లి నమిలాను, ఇంటికి కొత్త మిషన్ కొన్నాను, అంకె కదల్లేదు.

చివరికి దారి చూపింది మా ఆవిడ జాకెట్లు కుట్టే టేపు. మిషన్ పట్టీ మీద 22–32 సెం.మీ. అని అచ్చేసి ఉంది. భుజానికీ మోచేతికీ మధ్యలో చుట్టుకొలత తీస్తే నా చెయ్యి 35! కొబ్బరికాయలు మోసిన చెయ్యి మరి. పట్టీ చిన్నదైతే బీపీ ఎక్కువ చూపిస్తుంది. పెద్దది తెప్పించాను.

ఇక కొలిచే పద్ధతి. పొద్దున్నే బాత్రూంకి వెళ్లొచ్చి, కాఫీ, మాత్ర రెండూ పడకముందే కుర్చీలో వెన్ను ఆనించి, పాదాలు నేలమీద పెట్టి ఐదు నిమిషాలు ఊరికే కూర్చున్నాను. చొక్కా మీద కాకుండా ఒంటికే పట్టీ, చెయ్యి బల్లమీద గుండె ఎత్తులో. మాట్లాడకూడదు. మా గోదారోళ్లకి అదే కష్టం! నిమిషం తేడాతో రెండుసార్లు, సాయంత్రం మళ్లీ రెండుసార్లు. ఏడు రోజులు రాసి, మొదటి రోజువి వదిలేసి సగటు తీస్తే 132/82. ఇంటి కొలతకి 135/85 దాటితే ఎక్కువన్నట్టు.

ఆ కాగితం చూసి డాక్టరుగారు డోసు పెంచలేదు. అందరికీ పట్టీయే కారణమని చెప్పలేను. గుండె లయ తప్పేవాళ్లకి ఈ మిషన్లు సరిగ్గా చూపించకపోవచ్చు కూడా. నేనైతే మాత్ర మానలేదండీ.