ఏటీవీ వెనక యాక్సిల్ బేరింగులు ఎక్కువకాలం మన్నాలంటే ఎలా బిగించాలి?

చెయిన్‌తో నడిచి, రెండు వెనక చక్రాలకూ ఒకటే యాక్సిల్ (ఇరుసు) ఉండే క్వాడ్ బైకుల కోసం, అంటే నాలుగు చక్రాల ఏటీవీల కోసం ఇది రాస్తున్నాను. వికారాబాద్ వైపు రిసార్టుల్లో బురదలో తిప్పే చిన్న ఏటీవీలు చాలావరకు ఈ రకమే. కొత్త బేరింగు వేసిన కొన్నాళ్లకే గరగరమంటే అందరూ డూప్లికేట్ సరుకని షాపువాణ్ణి తిడతారు. కానీ 22 అంగుళాల టైరుతో గంటకు 40 కిలోమీటర్ల వేగంలో పోయినా యాక్సిల్ నిమిషానికి తిరిగేది సుమారు 380 చుట్లే. ఆ మాత్రానికి మంచి బేరింగు అరిగిపోదు. లోపలికి చేరిన నీళ్లు, బిగించేటప్పుడు పక్కనుంచి పడిన ఒత్తిడి, ఈ రెండే దాన్ని తినేస్తాయి.

బండి వెనక భాగాన్ని స్టాండు మీదికి ఎత్తండి. చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపితే యాక్సిల్ కదిలినా, తిప్పితే గరగర వినిపించినా బేరింగులు మార్చాల్సిందే. చక్రాలు, హబ్బులు, బ్రేక్ డిస్కు, స్ప్రాకెట్ విప్పి యాక్సిల్ బయటికి లాగండి. పాత బేరింగులు కొట్టి తీసేయండి, అవి ఎలాగూ పనికిరావు. రెండు బేరింగుల మధ్య ఎడం నిలబెట్టే స్పేసర్ గొట్టాన్ని మాత్రం జాగ్రత్తగా దాచండి.

కొత్తది పాతదాని నంబరు చూసే కొనాలి. 6007 అంటే లోపలి కొలత 35, బయటిది 62, మందం 14 మిల్లీమీటర్లు. నంబరు చివర 2ఆర్ఎస్ ఉండాలి, అంటే రెండువైపులా రబ్బరు సీల్ ఉన్నట్టు. రేకు మూతలుండే జెడ్‌జెడ్ రకం బురదకు పనికిరాదు, ఊరికే ఇచ్చినా తీసుకోవద్దు.

కంపెనీ నుంచి వచ్చే బేరింగులో గ్రీజు నిండుగా ఉండదు. సన్నటి బ్లేడుతో సీల్ అంచు వంగకుండా లేపి, లోపలి గ్రీజును కిరోసిన్‌తో కడిగి, పూర్తిగా ఆరనిచ్చి, వాటర్‌ప్రూఫ్ గ్రీజు నిండా కూరి, సీల్ మళ్లీ నొక్కేయండి. కాల్షియం సల్ఫొనేట్ గ్రీజు తప్ప ఇంకోటి వాడొద్దు. మోటార్లలాంటి వేగమైన వాటికి నిండా కూరితే వేడెక్కుతుంది కానీ, ఇంత నెమ్మదిగా తిరిగే యాక్సిల్‌కు ఆ భయం లేదు.

కొందరు హౌసింగుకు (బేరింగులు కూర్చునే గూడుకు) రంధ్రం చేసి, గ్రీజు ఎక్కించే నిప్పిల్ పెట్టి, వారం వారం గ్రీజు గన్నుతో కొడతారు. ఇది ట్రాక్టర్ల దగ్గర వచ్చిన అలవాటు. ట్రాక్టర్ బుష్‌లో కొత్త గ్రీజు ఎక్కితే పాతది అంచుల్లోంచి బయటికి వస్తుంది. ఇక్కడ అలా పోయే దారి లేదు, గన్ను ఒత్తిడికి సీలే లేచిపోతుంది. లేచిన సీల్ సందులోంచి మొదటి వాగులోనే నీళ్లు దూరతాయి. రంధ్రం అసలు చేయొద్దు.

ఇక అందరూ పాడుచేసే పని, బేరింగు ఎక్కించడం. ముందురోజు రాత్రే బేరింగులను గాలి చొరని కవర్లో చుట్టి ఫ్రీజర్‌లో పెట్టండి. హౌసింగు అల్యూమినియందైతే హీట్ గన్‌తో 100 డిగ్రీల దాకా వేడిచేయండి. గ్యాస్ మంట పెట్టొద్దు. గది వేడి నుంచి 80 డిగ్రీలు పెరిగితే 62 మిల్లీమీటర్ల రంధ్రం దాదాపు 0.1 మిల్లీమీటరు విచ్చుకుంటుంది. అంతే చాలు, బేరింగు దాదాపు దానంతటదే కూర్చుంటుంది. ఇంకా నొక్కాల్సి వస్తే ఒత్తిడి బయటి రింగు మీదే పడాలి. దానికి పాత బేరింగు బయటి రింగునే పెట్టి నొక్కండి. లోపలి రింగు మీద సుత్తి దెబ్బ పడితే ఆ దెబ్బంతా బాల్స్ మీదుగా పోయి, అవి దొర్లే దారి (రేసు) మీద గుంటలు పడతాయి. ఆ గుంటలు కంటికి కనబడవు, నాలుగు రైడ్ల తర్వాత చెవికి వినబడతాయి.

మొదటి బేరింగును హౌసింగు లోపలి అంచుకు ఆనేదాకా నొక్కండి. తర్వాత స్పేసర్ పెట్టండి. స్పేసర్ మర్చిపోయి రెండోది ఎక్కించినవాళ్లు చాలామంది ఉన్నారు. రెండో బేరింగు దగ్గర మాత్రం తొందరపడొద్దు. దాని లోపలి రింగు స్పేసర్‌ను తాకగానే ఆపేయాలి. మొదటిదాని లెక్కన అంచుదాకా కొడితే, లోపలి రింగును స్పేసర్ ఆపేస్తుంది, బయటి రింగు ఇంకా ముందుకు పోతుంది. బాల్స్ ఆ రెండింటి మధ్య ఒక పక్కకు ఇరుక్కుపోతాయి. అలా బిగించిన బేరింగుకు ఎంత ఖరీదైన గ్రీజు పెట్టినా దండగే. కొంచెం కొంచెం నొక్కుతూ, ప్రతిసారీ వేలితో స్పేసర్‌ను పక్కకు తోసి చూడండి. వదులుగా ఊగకూడదు, గట్టిగా తోస్తే మాత్రం కాస్త జరగాలి. అదే సరైన చోటు.

యాక్సిల్ దూర్చి, మాన్యువల్‌లో చెప్పిన టార్క్‌కు (బిగింపు బలానికి) నట్లు బిగించి, చెయిన్ వేయకముందే చేత్తో తిప్పండి. నట్టు బిగించాక యాక్సిల్ బరువుగా తిరిగితే స్పేసర్ పొట్టిదైనా అయుండాలి, రెండో బేరింగు ఎక్కువ లోపలికైనా పోయుండాలి. ఏదైనా సరే, అప్పుడే విప్పండి. రన్నింగ్‌లో సర్దుకుంటుందని మెకానిక్ అంటే నమ్మొద్దు.

నట్లు ఊడిపోకుండా అడ్డుపెట్టే స్ప్లిట్ పిన్నులు కొత్తవి వేయండి. చెయిన్‌ను తీగలా లాగి కట్టొద్దు, ఆ లాగుడంతా ఈ బేరింగుల మీదే పడుతుంది. రైడ్ అవగానే వేడిమీద ఉన్న బండిని నీళ్లలో దించినా, ప్రెషర్ వాషర్‌తో కొట్టినా, లోపలి గాలి చల్లబడి ముడుచుకుంటూ సీల్ పక్కనుంచి నీటిని పీల్చుకుంటుంది. చల్లారాక మామూలు పైపుతో కడగండి, ధార యాక్సిల్ చివర్ల మీద పడనీయకండి. మొదటి రైడ్ తర్వాత నట్లు మళ్లీ ఒకసారి టార్క్ చూడండి.